బావ చేతికి రాఖీ

"ఆ తాడు ఇప్పిస్తావా, ఇప్పించవా? ఒక్క మాట సెప్పు మరదలా. రెండో మాట నానడగను."

అనూరాధ వాకిట్లో నిలబడే అడిగింది. ఇక పుట్టింటి గడప తొక్కనని నిన్న సాయంత్రం పేటంతా వినేలా ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టు ఇంకా అమల్లోనే ఉంది గనక ఒక కాలు మెట్టు మీదా, ఒక కాలు ఇసక మీదా పెట్టి, గడప జోలికి పోకుండా జాగ్రత్తగా పోట్లాడుతోంది.

లోపల ఆమె తమ్ముడి భార్య సునయన కత్తిపీట ముందు కూర్చుని దొండకాయలు తరుగుతోంది. సముద్రం కూతవేటు దూరంలో ఉన్న ఇంట్లో దొండకాయ కూర! ఇవాళ బోటు వేటకి వెళ్ళలేదు మరి.

"వదినా, అది తాడు కాదు, రాఖీ," అంది సునయన తల ఎత్తకుండా. "కట్టాక విప్పే అలవాటు మాకు లేదు. దానంతటది ఊడిపోవాలి."

"మీకు! మాకు! ఇరవై యేళ్ళు మా తమ్ముడితో కాపరం సేసినాక ఇంకా మీకూ మాకూ ఏటే?"

ఇద్దరి మధ్యా గుమ్మంలో కూర్చున్న పోతమ్మ కూతురి వైపు ఒకసారి, కోడలి వైపు ఒకసారి చూసింది. పొద్దున్నించీ ఆవిడ చేస్తున్న పని అదొక్కటే. ఎటు చూసినా తన మనిషే కనిపిస్తుంటే ఎవరి మీద అరవాలి?

జరిగిందల్లా ఇంతే. నిన్న రాఖీ పున్నమి. అనూరాధ కొడుకు నాగవంశీ సాయంత్రం స్నేహితుడి బోటులో వేటకి పోతూ ఒడ్డుకి వచ్చాడు. వాడి చేతికి ఎర్రటి రాఖీ. ఎవరు కట్టారని తల్లి నవ్వుతూనే అడిగింది. "సాయి కట్టింది" అనేసి బోటెక్కి పోయాడు వాడు. తల్లి మొహంలో నవ్వు అలాగే ఎండిపోయింది.

సాయిదుర్గ అంటే సునయన కూతురు. వంశీకి మేనమామ కూతురు, మరదలు. ఆ పిల్ల పుట్టిన రోజు ఆసుపత్రిలో అందరికన్నా ముందు చేతుల్లోకి తీసుకుని "ఇది నా కోడలు" అన్నది అనూరాధే. ఆ మాట పేటలో చిన్నా పెద్దా అందరికీ తెలుసు. ఇప్పుడు పిల్ల డిగ్రీ రెండో ఏడుకి వచ్చింది. ఈ పేటలో మరదలు బావని వెక్కిరిస్తుంది, నీళ్ళు పోసి పారిపోతుంది, వాడి చొక్కా దాచేస్తుంది. రాఖీ మాత్రం కట్టదు. కట్టిందంటే తలుపు మొహం మీద వేసినట్టే.

అంతే, అనూరాధ మొగుడు దుర్గారావు పొద్దున్నే వచ్చి బోటుకి ఉన్న ఇంజను ఊడదీసి పట్టుకుపోయాడు. బోటు సునయన మొగుడు వీరేంద్రది, ఇంజను అతని బావది. పదేళ్ళుగా ఒకటి లేకుండా రెండోది నీళ్ళలో దిగలేదు. ఇప్పుడు బోటు ఇసకలో, ఇంజను దుర్గారావు అరుగు మీద, ఎవరి మానాన వాళ్ళు కూర్చున్నారు. ఇవాళ ఈ ముడి విడకపోతే రెండు పొయ్యిలూ ఆరిపోతాయని పోతమ్మ భయం. దానికన్నా పెద్ద భయం, కూతురి ఒట్టు నిజమైపోతుందని.

"ఒలే సునయనా," అంది పోతమ్మ మెల్లిగా. "పిల్లలు ఆడుకున్నారు, కట్టుకున్నారు. గుంటడు ఒడ్డుకొచ్చే యేలయింది. వచ్చినాక ఇప్పీమని సెప్పీ. ఏటి పోయింది?"

"నేను చెప్పలేను అత్తా."

"నువ్వే కట్టించినావు. నువ్వే సెప్పాల," అంది అనూరాధ.

సునయన అవుననలేదు, కాదనలేదు. దొండకాయలు మాత్రం ఇంకాస్త సన్నగా తరిగింది.

"సూసినావా అమ్మా? నంగనాచి. నోరిప్పదు. నా కొడుక్కేటి తక్కువే? తాగుతాడా? తిరుగుతాడా? నీ కూతురు కాలేజీకి ఎల్తే బండి మీద దింపినోడు ఆడు. జొరమొస్తే ఆసుపత్రి బల్ల మీద తొంగున్నోడు ఆడు."

"వంశీకి ఏ లోటూ లేదు వదినా. వాడు నా చేతి అన్నం తిని పెరిగాడు. నా కొడుకే."

"మరింకేటి?"

"అదే నేను చెప్పేది. నా కొడుకే." సునయన కత్తిపీట పక్కకి జరిపి లేచింది. పేటకి వచ్చి ఇన్నేళ్ళయినా 'నాను' అనడం ఆమె నోటికి పట్టుబడలేదు. కూర్మన్నపాలెం బడిలో నేర్చుకున్న తెలుగు అది. తండ్రి బీహారు నుంచి స్టీల్ ప్లాంటు కాంట్రాక్టు పనికి వచ్చినప్పుడు ఆమెకి పదేళ్ళు. "మా దర్భంగా వైపు మామ కొడుకంటే అన్న. అత్త కొడుకంటే అన్న. కార్తీక మాసంలో మట్టితో పిట్టలు చేసి మా ఆడపిల్లలు అన్నదమ్ముల కోసం పాటలు పాడతారు. ఆ పాటల్లో వంశీలాంటి వాళ్ళే ఉంటారు వదినా. మొగుళ్ళు ఉండరు."

"ఇది దర్బంగా కాదు. ఇశాపట్నం."

"నాకు తెలుసు. ఇక్కడ మీరు చెప్పినవన్నీ చేశాను. గంగమ్మ పండక్కి ఘటం నెత్తిన పెట్టుకుని నడిచాను. మా ఆయన వేటకి పోయినప్పుడు వెనక నుంచి పిలవొద్దన్నారు, పిలవలేదు. ఎండు చేపల పులుసు నాకన్నా బాగా ఎవరు చేస్తారో చెప్పమను పేటలో. ఒక్కటి. ఈ ఒక్కటి మాత్రం నా వల్ల కాదు." చేతులకంటిన దొండకాయ జిగురు కొంగుకి తుడుచుకుంది. "ఈ పెళ్ళి చేస్తే మా నాన్న ఇక ఈ ఇంట్లో మంచినీళ్ళు తాగడు. అన్నకీ చెల్లెలికీ పెళ్ళి చేశారా అని ఉమ్మేస్తారు మా ఊళ్ళో. అది పాపం వదినా. మహా పాపం."

మాట బయటికి వచ్చాక సునయన తనే ఉలిక్కిపడింది.

పెరట్లో వల బాగుచేస్తున్న ఎల్లాజీ చేతులు ఆగిపోయాయి. అనూరాధ తల్లి మొహంలోకి చూసింది.

ఎల్లాజీ పోతమ్మకి మేనమామ. సొంత మేనమామ, తల్లికి ఆఖరి తమ్ముడు. ఆవిడని చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని పండగకి తీసుకుపోయినవాడే తరవాత మెడలో తాళి కట్టాడు. నలభై ఏళ్ళు దాటిన కాపరం. ఇప్పటికీ ఆవిడ అతన్ని "మావా" అనే పిలుస్తుంది. ముగ్గురు పుట్టారు, ఒకణ్ణి సముద్రం తీసుకుంది, ఇద్దరు మిగిలారు. ఆ మిగిలిన ఇద్దరిలో ఒకతి వాకిట్లో నిలబడి ఉంది.

"మరి నానెవుత్తినే?" అంది పోతమ్మ.

"అత్తా, నిన్ను కాదు నేను..."

"నన్ను కాకపోతే ఎవుల్ని? మీ మావా నానూ ఇన్నేళ్ళూ పాపం సేసినామా? నీ మొగుడు ఏ పాపానికి పుట్టినాడే? ఆ పాపానికి పుట్టినోడి సెయ్యట్టుకుని నువ్వెందుకొచ్చినావు మా ఇంటికి?"

సునయన వచ్చి ఆవిడ కాళ్ళు పట్టుకోబోయింది. పోతమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది. కోడలిని తెచ్చుకున్న రోజు గుర్తొచ్చింది. ఎక్కడిదో పిల్ల, భాష తెలీని చుట్టాలు, వద్దని అందరూ అంటే తనొక్కతే అడిగింది, "ఆలేటి సేత్తారు?" అని. నది మీద పడవలు నడిపి చేపలు పట్టే కులమని వీరేంద్ర చెప్పాడు. "అయితే గంగమ్మ మనుసులే, తే" అంది. సింహాచలంలో పెళ్ళి చేయించింది. ఆ పిల్ల ఈవేళ తన పెళ్ళికి పేరు పెట్టింది.

కోపంతో పాటు సిగ్గు కూడా వేసింది. ఎందుకు వేయాలో తెలియలేదు. తెలియనందుకు కోపం రెట్టింపయింది.

ఎల్లాజీ లేచి గుమ్మం దాకా వచ్చాడు. భార్య వైపు చూళ్ళేదు. "పిల్ల ఆల దేశం మాట సెప్పింది. మన మాట మనకుంది. ఒగ్గీయండే," అన్నాడు. అని, వల కోసే కత్తి గుమ్మం పక్కన పెట్టి, తువ్వాలు దులుపుకుని ఒడ్డు వైపు నడిచిపోయాడు. ఆ మాట అతనికి ఎంత లోతుగా తగిలిందో పోతమ్మకి మాత్రమే తెలుసు. కత్తి ఎక్కడ పడితే అక్కడ పెట్టే మనిషి కాదు.

సునయన తరిగిన ముక్కలు గిన్నెలోకి ఎత్తింది.

ఒడ్డు నుంచి మగవాళ్ళు వచ్చారు. ముందు వీరేంద్ర, వెనక దుర్గారావు, వాళ్ళ వెనక తడి బట్టలతో వంశీ. ఎంత గాలివానకైనా జంకకుండా బోటు నడిపే వీరేంద్ర, అక్కకీ పెళ్ళానికీ మధ్యకి రావలసి వస్తే మాత్రం చెప్పులు వెతుక్కుంటాడు. ఇప్పుడూ అదే చేశాడు. మెట్టు కింద లేని చెప్పుల కోసం వంగి చూశాడు.

"బావా, నువ్వైనా సెప్పు అక్కకి," అన్నాడు నేల చూస్తూనే.

"నానేటి సెప్తాను బావా," అన్నాడు దుర్గారావు. "ఇంజను ఇప్పింది నానే గానీ, ఇప్పమన్నది నాను కాదు."

అనూరాధ కొడుకు మణికట్టు చూసింది. రాఖీ ఉప్పునీళ్ళకి నాని, రంగు కారి, ఇంకా అక్కడే ఉంది. "అమ్మా," అంది పోతమ్మతో. "ఆవిడెలాగూ ఇప్పించదు. నువ్వు పెద్దదానివి. ఆ కత్తి తియ్యి. నీ సేత్తో కోసీ. నువ్వు కోస్తే గడప లోపలికొస్తాను. ఇంజను ఇప్పుడే ఒస్తాది. అన్నీ మరిసిపోదాం."

ఇంకొకప్పుడైతే పోతమ్మ తటపటాయించేదేమో. ఇప్పుడు పాపమన్న మాట చెవుల్లో హోరెత్తుతోంది. కత్తి తీసుకుంది.

"అత్తా, వద్దు!" అంది సునయన.

"నువ్వు మాటాడకు. ఇలా రారా గుంటడా. సెయ్యి సాపు."

వంశీ రెండడుగులు వేశాడు. చెయ్యి చాపలేదు. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని వెనక్కి దాచుకున్నాడు.

"ఆగు అమ్మమ్మా. ఇది అత్త కట్టించలేదు."

"వంశీ, నువ్వూరుకో," అంది సునయన గబుక్కున.

"ఎందుకూరుకోవాలత్తా? నిన్నట్నుంచి నువ్వు తిట్లు తింతన్నావంట, నాకిప్పుడే మావయ్య సెప్పినాడు." వాడు తల్లి వైపు తిరిగాడు. "నానే అమ్మా. నానే పూర్ణా మార్కెట్‌కెల్లి కొనుక్కొచ్చి కట్టమన్నాను. మీ యమ్మ గోల సేత్తాది, వద్దురా అనే అంది అత్త. నానే ఇనలేదు."

అనూరాధ కొడుకు వైపు తిరిగింది. "ఎందుకురా?"

"సాయి నాకు సెల్లెల్లాగే అనిపిస్తాది. ఎప్పుడూ అలగే అనిపించింది. పెల్లి గురించి మీరు నవ్వుతుంటే నాకు నవ్వు రాదు." వాడు గొంతు సవరించుకున్నాడు. "నోటితో సెప్తే మనింట్లో ఎవులింటారు? పోరా, అందరూ అలగే అంతారు, పెల్లయినాక అదే సర్దుకుంటాదని కొట్టీస్తారు. అత్తోల ఆచారమైతే కొట్టీనేరు కదా అని..."

పోతమ్మ చేతిలో కత్తి కిందికి దిగింది. కోడలు నిన్నటి నుంచీ నోరు మెదపకుండా తిట్లు తిన్నది వీడిని కాయడానికన్నమాట. ఆ సంగతి తెలిసి కోపం తగ్గాలి. తగ్గింది కూడా. కానీ ఆ పాపం అన్న మాట మాత్రం వేలిలో చేపముల్లులా అక్కడే ఉంది.

అనూరాధ కొడుకుని కొట్టలేదు. తిట్టలేదు. మెట్టు దిగి తమ్ముడి దగ్గరికి వెళ్ళి అతని కుడిచెయ్యి పైకెత్తింది. దానికి నిన్న పొద్దున తను కట్టిన రాఖీ ఉంది, బంగారు రంగు పూసలది. పేటలో పూర్వం ఈ అలవాటు లేదు. సునయన కొత్తగా కాపరానికి వచ్చిన ఏడు "నీ తమ్ముడికి కట్టవా వదినా" అని చేతిలో పెట్టింది. ఆ ఏటి నుంచీ అందరికన్నా ముందు, అందరికన్నా ఆర్భాటంగా కట్టేది అనూరాధే.

"అమ్మా, కత్తి ఇటియ్యి."

ఇవ్వకముందే లాక్కుంది. రాఖీ తాడు తెగి పూసలు ఇసకలో రాలాయి.

"అక్కా!" అన్నాడు వీరేంద్ర.

"ఒక్క కడుపున పుట్టినాం. నీకు అక్కనవడానికి నాకీ తాడెందుకురా? మరి ఇది బావని అన్నని సేసీగలిగితే, దీన్ని తెంపితే ఏటవుతాదో అది కూడా సూసుకుందాం." కత్తి మెట్టు మీద పెట్టింది. ఆమె కళ్ళనిండా నీళ్ళున్నాయి, తుడుచుకోలేదు. "నీ ఆచారం నువ్వుంచుకో సునయనా. నీ సొమ్ము నీకిచ్చీసినాను. బోటు మీది, ఇంజను మాది. ఈ ఇంట్లో నాకెవులూ నేరు."

దుర్గారావు బావమరిది భుజం మీద చెయ్యి వేయబోయి, భార్య వెనక్కి చూడటంతో తీసేసుకున్నాడు. ఇద్దరూ వెళ్ళిపోయారు. వంశీ కాసేపు నిలబడి, ఎవరి మొహమూ చూడలేక తల్లి వెనకే పరిగెత్తాడు. వీరేంద్ర ఇసకలో కూలబడి పూసలు ఒక్కొక్కటే ఏరసాగాడు.

పోతమ్మ కూతురిని పిలుద్దామనుకుంది. తన కడుపున పుట్టిన పిల్ల తన ఇంటి ముందు నుంచి పరాయిదానిలా నడిచిపోతుంటే కూర్చున్న చోటే కుమిలిపోయింది.

సునయన ఏడుస్తోంది. ఏడుస్తూనే, ఏడుపులోంచి నవ్వు లాంటిదేదో బయటికి వచ్చింది. "చూశావా అత్తా? నేను నేర్పలేదు. నేనేమీ చెప్పలేదు. పిల్లలకే తెలిసింది, వాళ్ళు అన్నాచెల్లెళ్ళని. వదిన రేపో మాపో వస్తుంది. వంశీయే తీసుకొస్తాడు. ఇక ఆ పెళ్ళి మాట ఎవరూ ఎత్తరు." కొంగుతో మొహం తుడుచుకుని ఫోను తీసింది. అవతల తండ్రి ఎత్తాడు. వాళ్ళ భాషలో గబగబా చెబుతోంది. అందులో పోతమ్మకి అర్థమైన మాట ఒక్కటే, "భాయ్".

అప్పుడు గుర్తొచ్చింది పోతమ్మకి. పొద్దున్నించీ ఇంతమంది ఇన్ని అరుచుకున్నారు. రాఖీ కట్టిన పిల్లని ఎవరూ ఏమీ అడగలేదు.

లేచి లోపలి గదిలోకి వెళ్ళింది. సాయిదుర్గ మంచం మీద గోడకి ఆనుకుని మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. కాలేజీ బట్టలు వేసుకుంది గానీ కాలేజీకి పోలేదు. ఏడవడం లేదు. ఏడ్చిన మొహం కన్నా ఆ మొహం పోతమ్మని ఎక్కువ భయపెట్టింది.

"ఇన్నావా అంతా?"

పిల్ల తలాడించింది.

"బావ అడిగితేనే కట్టినావా?"

"ఊఁ."

"నీకూ ఆడు అన్నలాగే ఉంతాడా?"

సాయిదుర్గ చున్నీ కొసని వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

"నవ్వుతా సెయ్యి సాపాడు మామ్మా. కట్టీ సాయీ, బేగి కట్టీ, ఏటకి యేలైపోతంది అన్నాడు." ఆమె గొంతు ఎంత మెల్లిగా ఉందంటే పోతమ్మ వంగి వినవలసి వచ్చింది. "నాను కట్టకపోతే ఎందుకు కట్టవని అడుగుతాడు కదా? అడిగితే ఏటి సెప్పాలి?"

పోతమ్మ చేత్తో పిల్ల నోరు మూయబోయి, చెంప మీద పెట్టి ఊరుకుంది. ఏ వయసులో తను ఎల్లాజీ వలలో చేపలు తీసే నెపంతో ఒడ్డున నిలబడేదో, ఆ వయసే ఇది. తనకి ఎవరూ అది పాపమని చెప్పలేదు. ఈ పిల్ల మాత్రం ఇవాళ తలుపు చాటు నుంచి, కన్నతల్లి నోటి నుంచి ఆ మాట విన్నది.

"అమ్మకి సెప్పకు మామ్మా. అమ్మ సచ్చిపోతాది. అత్తకి అసలే సెప్పకు. రేపే ముహూర్తం ఎట్టీస్తాది. బావ ఇల్లొదిలి పోతాడు." సాయిదుర్గ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నాకేటీ వద్దు. ఎవులికీ తెలీకపోతే చాలు."

బయట ఫోను మాటలు ఆగాయి. అడుగుల చప్పుడు గది దాకా వచ్చింది.

"అత్తా," అంది సునయన గుమ్మంలో నిలబడి. ఏడ్చిన కళ్ళలో వెలుగు ఉంది. "మా నాన్న వచ్చే వారం వస్తానన్నాడు. మనవరాలికి అన్న దొరికాడట, వాడికి బట్టలు పెడతాడట. ఏమంటోంది నా కూతురు?"

పోతమ్మ కోడలి మొహం చూసింది. ఒక్క మాటతో ఈ మొహంలో వెలుగు ఆర్పేయొచ్చు. వీధి చివర కూతురి ఇంటికి పరిగెత్తి అదే మాట చెబితే సాయంత్రానికి ఇంజను బోటు మీద ఉంటుంది. ఇందాక తన పెళ్ళిని పాపమన్న మనిషి ఎదురుగా నిలబడి నవ్వుతోంది.

"తలుపు దగ్గరకేసి ఇలా రాయే సునయనా," అంది పోతమ్మ. "నా పక్కన కూకో. నీ కూతురి మాట ఒకటి సెప్పాల."

మనవరాలి గోళ్ళు ఆవిడ చేతిలో దిగబడ్డాయి. పోతమ్మ ఆ చెయ్యి వదల్లేదు.